‘మా గురించి’ అనే పేజీ

అలా సుత్తి టకటకా కొడుతూ కూర్చుంటే నా మాట వినపడదనుకుంటున్నారేమో. వినపడుతుంది. ఆ తలుపు మందమెంతో నాకు తెలీదా? మీరు లోపల చిన్నగా దగ్గినా ఇవతల కౌంటరు దగ్గర నాకు వినపడుతుంది. ఇన్నేళ్ళుగా వింటూనే ఉన్నాగా.

తలుపు తియ్యండి. టీ పెట్టాను. ఇప్పటికి రెండుసార్లు పెట్టి, రెండుసార్లూ నేనే తాగాను.

షట్టరు సగానికి దించేశాను లెండి. ఎవరూ రారు. వచ్చినా ఏ మొహం పెట్టుకుని పలకరించను? ‘రండి రండి, బ్యాగా, సూట్‌కేసా, జిప్పు పోయిందా, చక్రం ఊడిందా’ అని రోజూ అనే మాటే ఇవాళ నోట్లోంచి రావట్లేదు.

ఏమండీ, ఆ తలుపుకి గడియ ఉందన్న సంగతే నాకు ఇవాళ తెలిసింది. ఎప్పుడూ తెర ఒక్కటే కదా మనకి అడ్డం! తెర పక్కకి తీసి ‘ఆ చిన్న పట్టకారు ఇటివ్వు’ అనేవారు, ఇచ్చేదాన్ని. గడియ ఎప్పుడు బిగించారు? ఎందుకు బిగించారు? నేనిలాంటి పని చేస్తానని ముందే తెలుసా ఏంటి?

తిట్టండి. నాలుగు తిట్లు తిట్టండి, పడతాను. లోకంలో మొగుళ్ళకి కోపం వస్తుంది, అరుస్తారు, అయిపోతుంది. మీరేం చేశారు? పొద్దున ఆ పెద్దావిడ ఫోను మీ చేతికిస్తే, నిలబడి మొత్తం చదివారు. చివరిదాకా. చదివి, కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, లోపలికెళ్ళి గడియ వేసుకున్నారు. బతికున్న మనిషిని పోయాడని వెబ్‌సైట్‌లో పెట్టిన పెళ్ళాన్ని ఒక్క మాట అనకుండా ఊరుకునేవాడు ఎక్కడైనా ఉంటాడా?

ఉన్నాడు. నా ఖర్మకి నాకే దొరికాడు.

ఇదంతా ఆ చిట్కాల మాస్టారి వల్లేనండీ!

అదిగో. ఆ దెబ్బ మాత్రం పెట్టె మీద కాదు, నా మాట మీద కొట్టారు. సరే, కొట్టండి. కానీ వినండి.

వర్తకుల సంఘం హాల్లో క్లాసు పెట్టారు, చిన్న వ్యాపారాలవాళ్ళకి ఉచితం అన్నారు, గుర్తుందా? ‘నువ్వెళ్ళు, నాకెందుకు’ అన్నారు మీరు. అప్పుడు మీరెలా ఉండేవారో కూడా గుర్తు చేసుకోండి. చక్రం ఊడితే ఈ రోజుల్లో ఎవరు బాగుచేయించుకుంటున్నారు? అవతల పారేసి కొత్తది కొంటున్నారు. మీరేమో పొద్దున్నే వచ్చి, లేని పనికి పనిముట్లన్నీ వరసగా పేర్చుకుని, నూనె రాసి, తుడిచి, సాయంత్రం మళ్ళీ పెట్టెలో పెట్టేవారు. మర్నాడు మళ్ళీ అదే. ఒకరోజు చూశాను, చిరగని సంచి ఒకటి కుట్టు విప్పి మళ్ళీ కుడుతున్నారు. మన సంచే. కూరగాయల సంచి.

అది చూశాక నాకు నిద్ర పట్టలేదు. మీరేమైనా అన్నారా? అనరు. నోట్లో ముత్యాలున్నాయా ఏంటి, తెరిస్తే రాలిపోతాయన్నట్టు కూర్చుంటారు.

అందుకని వెళ్ళాను. క్లాసులో నేనూ, ఎదురు వీధి కళ్ళద్దాల షాపాయనా, ఇంకా పదిమందిదాకా. మాస్టారు గబగబా చెప్పుకుపోయాడు. ఫోను నంబరు పైనే పెట్టండి, జనం కిందిదాకా వెతకరు. పేజీ టక్కున తెరుచుకోవాలి, ఫోటోలు బరువుగా ఉంటే తెరుచుకోదు. బాగుచేయక ముందు ఒక ఫోటో, చేశాక ఒక ఫోటో పక్కపక్కన పెట్టండి. ఎవరేం రాసినా గంటలోపు జవాబివ్వండి.

నేనన్నీ చేశాను. మొదట పెట్టిన పేజీ మీకు చూపించాను కదా! ఎర్ర అక్షరాలు, పచ్చ అక్షరాలు, మెరిసే బాణాలు, తెరవగానే పాట. మీరు చూసి ‘బాగుంది’ అన్నారు. మీకేం చూపించినా బాగుందే అంటారు. మాస్టారు చూసి ‘అమ్మా, ఇది కొట్టా, సర్కస్ డేరానా?’ అన్నాడు. అందరూ నవ్వారు. కళ్ళద్దాలాయన అయితే కళ్ళు తుడుచుకుని మరీ నవ్వాడు. ఆ రోజు సిగ్గుపడ్డాను అనుకున్నాను. ఇవాళ్టి ముందు అదీ ఒక సిగ్గేనా!

ఆ తర్వాత చెప్పాడు మాస్టారు, ‘మా గురించి’ అని ఒక పేజీ ఉండాలని. పని చేసే మనిషి మొహం కనపడాలట. జనం వస్తువు చూసి రారు, మనిషిని చూసి వస్తారట.

మనిషేడి? మీరు కెమెరా చూస్తే తెర వెనక్కి దూరతారు. ఎన్నిసార్లు బతిమాలాను! ‘ఒక్కటండీ, చేతిలో సూట్‌కేసు పట్టుకుని’ అంటే, సూట్‌కేసు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆఖరికి గుర్తింపు కార్డు మీది ఫోటో తీసి పెట్టాను. అందులో మీ మొహం ఆకుపచ్చగా ఉంటుంది, జ్వరం వచ్చి లేచినట్టు. అందుకని రంగు తీసేసి నలుపూ తెలుపూ చేశాను. చుట్టూ సన్నటి గీత గీశాను. నిజంగా ఎంత బాగున్నారో! కింద రాశాను, ముప్పై ఏళ్ళుగా ఈ వీధిలో పెట్టెలు బాగుచేసిన చేతులివి అని.

అంతే రాశాను. ఒట్టు, మొదట అంతే రాశాను.

నలుపూ తెలుపూ మొహం, చుట్టూ గీత, నవ్వు లేదు. చూసినవాళ్ళు ఏమనుకుంటారు? నాకు తట్టలేదండీ. మీ మొహం నాకు అలవాటు. మర్నాడు ఒకాయన రాశాడు. ‘ఆయన ఆత్మకు శాంతి కలగాలి. మా నాన్నగారి ట్రంకుపెట్టెకి బిజాగ్రీలు ఆయనే వేశారు, ఇప్పటికీ కదల్లేదు’ అని.

నవ్వొచ్చింది. మీకు చెబుదామని తెర దాకా వచ్చాను. మీరు ఖాళీగా కూర్చుని చేతులు చూసుకుంటున్నారు. ఆగిపోయాను. వెనక్కొచ్చి, ‘అయ్యో, ఆయన ఉన్నారండీ’ అని రాయబోతున్నాను, అంతలో ఫోను మోగింది. అడ్రసు అడిగారు. ఫోను పెట్టేసేలోపే ఇంకోటి. ‘మీ పేజీ చూశామమ్మా, పాపం, ఇంట్లో రెండు బ్యాగులున్నాయి, తెస్తాం.’

రెండు బ్యాగులు.

గంటలోపు జవాబివ్వాలి కదా. ‘ఆత్మకు శాంతి’ అన్నాయనకి ‘కృతజ్ఞతలు’ అని రాశాను.

అబద్ధం చెప్పలేదు కదా అనుకున్నాను. ఎవరో పొరబడ్డారు, నేను దిద్దలేదు, అంతే కదా అనుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారే, ఆ పిల్లిని నేనే. రేపు దిద్దుదాం, ఎల్లుండి దిద్దుదాం. ఈలోగా పని రావడం మొదలైంది.

మీకు గుర్తుందా, ఒకరోజు అన్నం తింటూ అన్నారు, ‘ఈమధ్య పెట్టెలు తెగ పాడవుతున్నాయే’ అని! పెట్టెలు పాడవడం కాదయ్యా, పెళ్ళాం పాడైంది.

కానీ ఆ రోజులు బాగున్నాయండీ. సిగ్గులేకుండా చెబుతున్నాను, బాగున్నాయి. తెర వెనక మీరు కూనిరాగం తీసేవారు. ఎన్నేళ్ళయింది మీ గొంతులో పాట విని! పొద్దున నాకంటే ముందే లేచి తయారయ్యేవారు. జిగురు డబ్బా అయిపోయిందని నన్ను కసిరారు కూడా. మీరు కసిరితే అంత సంతోషమేసింది నాకు. ఆ కూనిరాగం వింటూ, ఫోన్లో ఎవరో ‘ధైర్యంగా ఉండండమ్మా’ అని రాస్తే, ఉంటానని జవాబిచ్చేదాన్ని.

ఇంకోటి చెప్పాలి. మీరు విన్నారో లేదో నాకు తెలీదు. వినే ఉంటారు.

బ్యాగు తెచ్చినవాళ్ళు లోపల చప్పుడు విని అడుగుతారు కదా, ‘ఎవరమ్మా లోపల?’ అని. ఏం చెప్పను? మొదటిసారి నోరు తడబడింది. తర్వాత అలవాటైపోయింది. ‘పనివాడండీ, కొత్తగా పెట్టుకున్నాం’ అన్నాను.

పనివాడు. మీ కొట్లో, మీ బల్ల దగ్గర, మిమ్మల్ని.

విన్నారా? అందుకేనా ఒకరోజు ‘ఆకలి లేదు’ అని డబ్బా మూత కూడా తియ్యలేదు? అడగడానికి భయమేసింది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, ఆ డబ్బా అలాగే ఇంటికి మోసుకెళ్ళాను.

వింటే ఇదీ వినండి. ఒక పెద్దమనిషి మన పేజీలో ఏం రాశాడో తెలుసా? ఐదుకి మూడు నక్షత్రాలిచ్చి, ‘పని ఫరవాలేదు కానీ ఆ పోయినాయన చెయ్యి వేరు, ఈ కొత్త పనివాడి చెయ్యి వేరు. ఆయనతోనే పోయింది ఆ పనితనం’ అని రాశాడు. చదివి కడుపు మండిపోయింది. ఓరి నీ కళ్ళు కాలా, అదే చెయ్యిరా, అదే కుట్టురా అని అరవాలనిపించింది. ఎక్కడ అరవను? మీ తరఫున పోట్లాడే హక్కు కూడా నేనే పోగొట్టుకున్నాను. ‘మీ సూచనకు కృతజ్ఞతలు, మెరుగుపరుచుకుంటాం’ అని రాశాను.

మిమ్మల్ని మెరుగుపరుస్తానని! నేను!

ఇక పొద్దున ఆవిడ. ఆవిడ సంగతి తలుచుకుంటే తల కొట్టేసినట్టు ఉందండీ.

తెల్ల చీర, చేతికర్ర. ఆటో అతను సూట్‌కేసు పట్టుకొచ్చి కౌంటరు మీద పెట్టి వెళ్ళాడు. వాళ్ళాయనదట. గోధుమరంగు తోలుది, పిడి ఒక పక్క తెగిపోయి వేలాడుతోంది. ‘వేరే చోట ఇవ్వబుద్ధి కాలేదమ్మా, వాళ్ళకిది ఉత్త పెట్టె. మీకైతే తెలుస్తుంది కదా’ అంది.

నాకు తెలుస్తుందట.

నా చెయ్యి పట్టుకుంది. ‘రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?’ అని అడిగింది. ‘నేనిప్పటికీ టీ రెండు కప్పులు పెడుతున్నానమ్మా, పోశాక గుర్తొస్తుంది ఆయన లేరని’ అంది. ఏమండీ, ఆవిడ చెయ్యి ఎంత మెత్తగా ఉందో! వెనక్కి తీసుకోవచ్చు కదా నేను? అప్పుడైనా చెప్పొచ్చు కదా, అమ్మా, నన్ను ముట్టుకోకండి, నేను దొంగదాన్ని అని? ‘నాకూ అంతేనండీ’ అన్నాను. అని, కళ్ళు వత్తుకున్నాను.

సరిగ్గా అప్పుడు తెర తీసుకుని మీరొచ్చారు. ‘ఆ గోధుమరంగు దారం ఎక్కడ పెట్టావ్?’ అంటూ.

ఆవిడ మిమ్మల్ని చూసింది. నన్ను చూసింది. అరిచిందా? లేదు. భయపడిందా? అదీ లేదు. నెమ్మదిగా సంచిలోంచి ఫోను తీసి, మన పేజీ తెరిచి, మొహం పోల్చి చూసుకుంది. మీరేమో ఏమీ తెలియక, మర్యాదగా గొంతు తగ్గించి ‘ఎవరు పోయారు?’ అని నన్నడిగారు.

అప్పుడు భూమి చీలితే బాగుండును. చీలదు, మనక్కావలసినప్పుడు.

ఆవిడ ఫోను మీకిచ్చింది. మీరు కళ్ళద్దాలు సవరించుకుంటూ చదువుతున్నంతసేపూ ఆవిడ నా వైపే చూస్తూ నిలబడింది. కోపంగా కూడా కాదు. మీరిచ్చేశాక తీసుకుని, ‘మీకున్నారు కదమ్మా’ అంది. అంతే. వెళ్ళిపోయింది. సూట్‌కేసు మర్చిపోయిందో, వదిలేసిందో.

మీరు దాన్ని లోపలికి తీసుకెళ్ళడం చూశాను. ఇందాకట్నుంచి దాన్నే కదా బాగుచేస్తున్నది?

నన్ను కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు. ‘మీకున్నారు కదమ్మా.’ ఉన్నవాణ్ణి కాలదన్నుకుని, లేనిదాని దగ్గర జాలి దొంగిలించాను. ఆవిడ నిజమైన ఏడుపు పక్కన నా ఏడుపు పెట్టుకుని కూర్చున్నాను.

మళ్ళీ సుత్తి. కొట్టండి, కొట్టండి.

మాస్టారి వల్ల అన్నాను కదూ? కాదండీ. ఆడలేక మద్దెల మీద పడుతున్నాను. పాపం ఆయన క్లాసులో బల్ల గుద్ది మరీ చెప్పాడు, ‘మా గురించి పేజీలో నిజం రాయండి, అబద్ధం రాస్తే ఎప్పుడో ఒకప్పుడు మీ గుమ్మం దాకా వస్తుంది’ అని. వచ్చింది. చేతికర్ర పట్టుకుని వచ్చింది.

జనం పొరబడ్డారన్నానా? అది మొదట్లో. మీరు పొద్దున చదివింది ఉంది చూశారూ, ఆ పొడుగాటిది, అది ఎవరో పొరబడి రాసింది కాదు. ‘ఆయన గురించి ఇంకా రాయండమ్మా’ అని ఎవరో అడిగారు. మీరు లోపల హాయిగా పని చేసుకుంటున్నారు. నేను కౌంటరు దగ్గర కూర్చున్నాను. ‘ఆయన వెళ్ళిపోయాక ఈ బల్ల’ అని మొదలుపెట్టాను. నా వేళ్ళతో నేనే. ఎవరూ తొయ్యలేదు.

ఎందుకో చెప్పనా? బేరాల కోసం కాదు. అప్పటికే మీకు చేతినిండా పనుంది. ఆ ముక్క రాయకపోయినా గడిచిపోయేది.

రాస్తుంటే ఆగలేదండీ.

సంచుల అస్తరు విప్పినప్పుడు దొరికినవన్నీ మీరు బిస్కెట్ల డబ్బాలో దాస్తారు కదా, బొత్తాలూ, తాళంచెవులూ! ఒకసారి చిన్నపిల్ల పాలపన్ను దొరికితే, దూదిలో చుట్టి ఉంచారు. ఆ తల్లి ఎప్పుడో వచ్చి ‘అయ్యో, ఇది పోయిందని ఎంత వెతికానో’ అని ఏడిస్తే, మీరేమో రసీదు రాయడం మొదలుపెట్టారు. అది రాశాను. నాకు జ్వరం వచ్చి లేవలేనప్పుడు, కొట్టు మూసి, బ్యాగులన్నీ ఇంటికి తెచ్చుకుని, నా మంచం పక్కన నేల మీద కూర్చుని కుట్టారు. ‘ఎలా ఉంది’ అని ఒక్కసారి కూడా అడగలేదు. కానీ నేను కళ్ళు తెరిచినప్పుడల్లా ఆ సూది తోలులో దిగే చప్పుడు వినపడేది, మళ్ళీ నిద్రపోయేదాన్ని. అదీ రాశాను. ఆ చప్పుడు లేని ఇంట్లో నేనెలా ఉండాలి అని రాశాను.

రాసి, ఏడ్చాను. నిజం ఏడుపు. మీరు తెర తీసి ‘ఏమైంది?’ అంటే, కంట్లో నలక అన్నాను.

ఇన్నేళ్ళలో మీకొక్క మంచి మాట చెప్పానా నేను? ఉప్పు ఎక్కువైందా, కరెంటు బిల్లు కట్టారా, ఆ చొక్కా విప్పండి జిగురు కంపు. ఇంతే కదా మన మాటలు! మీరు ఎదురుగా ఉంటే నా నోట్లోంచి ఇవే వస్తాయి. మిమ్మల్ని లేకుండా చేశాక గానీ మీరెవరో నాకు గుర్తు రాలేదు. మీ చేతికి పని తేవడానికి చంపానని ఇందాకట్నుంచీ నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను. కాదు. మిమ్మల్ని తలుచుకోవడానికి చంపాను. ఇంతకంటే సిగ్గుమాలిన పని ఉంటుందా చెప్పండి?

ఏంటి, సుత్తి ఆపేశారు?

ఏమన్నారు? కాస్త గట్టిగా.

దారమా! ఉందండీ, ఇదిగో, పొద్దుట్నుంచీ నా చేతిలోనే ఉంది. ఉండండి, తలుపు కింద సందులోంచి దొర్లిస్తాను. అందిందా?

ఆ పిడి అయ్యాక నేనే తీసుకెళ్ళి ఇస్తాను. ఆవిడ ఇల్లు కనుక్కుంటాను. కాళ్ళ మీద పడతాను. ఈలోగా ఇది తీసేస్తున్నాను, చూడండి, అంటే వినండి. ‘తొలగించాలా?’ అని అడుగుతోంది. అవునని నొక్కడమే. ఫోటో, రాసిందీ, అన్నీ పోతాయి. బేరాలు పోతే పోనీ.

వద్దా? ఎందుకొద్దు?

ఏంటీ... చదవాలా? పొద్దున చదివారుగా మీరు!

నా నోటితోనా.

మీరు భలే శిక్ష వేస్తారండీ. ఇంతకంటే నాలుగు తిట్టినా నయమే. సరే. ఆగండి, అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయి. ‘ఆయన వెళ్ళిపోయాక...’ ఇది వదిలేస్తాను, ఇది దొంగమాట. తర్వాతది. ‘ఆయన చేతులు...’

రావట్లేదండీ. ముక్కూమొహం తెలియనివాళ్ళందరికీ రాసిపారేశాను. తలుపవతల ఉన్న మీకు చెప్పాలంటే ఒళ్ళంతా సిగ్గు. రాయడానికి మిమ్మల్ని చంపాల్సొచ్చింది, చదవాలంటే నేను చావాలేమో!

నవ్వుతున్నారా? ఏడుస్తున్నారా? ఇవతలికి తెలియట్లేదు.

సరే. చదువుతాను. మొత్తం చదువుతాను. మీరు మాత్రం ఆ సుత్తి కొడుతూ ఉండండి. మీకు వినపడట్లేదనుకుంటే తప్ప నాకు నోరు పెగలదు.